మీ వాడలో పొయ్యిలు ఎన్ని? ఇల్లు లేనివాళ్ల లెక్క తీసి, జాగ చూపించే పద్ధతి

మా యారాలి కొడుక్కి 2019లో పెళ్లయింది. ఆ అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు ఇప్పటికీ మా బావగారి ఇంటి వెనక రేకుల పంచలోనే ఉంటున్నారు. గట్టి వాన పడిన రాత్రి పిల్లల్ని మంచం మీద పడుకోబెట్టి, వాళ్లిద్దరూ గోడకానుకుని కూర్చుని తెల్లవారుస్తారు. 2024 డిసెంబర్‌లో పేదలు ఇల్లు కట్టుకోవడానికి సర్కారు డబ్బిచ్చే ఇందిరమ్మ ఇండ్ల పథకం సర్వేకు వచ్చినప్పుడు యాప్‌లో ఫొటో తీసింది ముందున్న స్లాబ్ ఇంటిది. ఇంటి నంబర్ దానికే ఉంది, పంచకు నంబర్ లేదు. లిస్టు వచ్చాక చూస్తే అబ్బాయి పేరు ఎల్-3లో ఉంది. అంటే సర్కారు లెక్కలో అతనికి పక్కా ఇల్లు ఉన్నట్టు.

నేను నల్గొండ జిల్లాలో ఒక ఊళ్లో వీఓఏను, అంటే గ్రామైక్య సంఘం సహాయకురాలిని. పదమూడేళ్లుగా మహిళా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. ఎవరి అప్పు ఎంత, ఎవరు కిస్తీ తప్పారు, ఎందుకు తప్పారు అన్నది రాసే అలవాటు నాకు ఉంది. ఆ లిస్టు చూశాక మా వాడలో ఇల్లు లేనివాళ్ల లెక్క నేనే తీశాను. తర్వాత రెండు పక్క ఊళ్ల వీఓఏలు వచ్చి ఎలా చేశావని అడిగారు. వాళ్లకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఇది తెలంగాణ పల్లెల్లో పని చేసిన పద్ధతి. ఆంధ్రలో ఆఫీసుల పేర్లు వేరుగా ఉంటాయి కానీ పని ఇంచుమించు ఇదే.

పొయ్యిల లెక్క

ఊళ్లో ఇండ్లు ఎన్ని అని అడిగితే పంచాయతీ రిజిస్టర్‌లో గడపల లెక్క చెప్తారు. మీరు పొయ్యిలు లెక్కపెట్టండి. ఎక్కడ వేరుగా వండుకుంటున్నారో అక్కడ ఒక కుటుంబం ఉన్నట్టు. మా వాడలో గడపలు 64. పొయ్యిలు 91. అంటే 27 కుటుంబాలు ఎవరో ఒకరి ఇంట్లో, పంచలో, కొట్టంలో సర్దుకుని బతుకుతున్నాయి. కాగితాల్లో మాత్రం వాళ్లందరికీ ఇల్లు ఉంది.

ఇది మా వాడ ఒక్కదాని సంగతి కాదు. దేశంలో పట్టణాల ఇండ్ల కొరత ఎంతో తేల్చడానికి కేంద్రం వేసిన నిపుణుల బృందం 2012లో 1 కోటి 87 లక్షలకు పైగా ఇండ్లు తక్కువున్నాయని చెప్పింది. అందులో దాదాపు కోటిన్నర ఇరుకు వల్ల వచ్చిన కొరతే. రోడ్డు మీద పడుకునేవాళ్లు ఆ లెక్కలో చాలా చిన్న భాగం. ఒకే కప్పు కింద రెండు మూడు జంటలు ఉండటమే అసలు కొరత అని ఆ అంకె చెప్తోంది. అది బయటి నుంచి చూస్తే కనిపించదు. లోపలికి వెళ్లి, 'అమ్మా, మీరు వేరుగా వండుకుంటారా?' అని అడిగితేనే తెలుస్తుంది.

అడగడానికి వెళ్లే వేళ కూడా ముఖ్యమే. పగలు వెళ్తే అందరూ కూలికి పోయి ఉంటారు, ముసలివాళ్లు మాత్రమే దొరుకుతారు. అత్త ముందు కోడలు 'మేం వేరు' అని చెప్పలేదు. నేను సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది మధ్య తిరిగాను. పొయ్యి వెలిగేది అప్పుడే. ఇద్దరు ఆడవాళ్లం కలిసి వెళ్లాం, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు రాశారు. వాడ అంతా పూర్తి కావడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది.

రాసుకోవడానికి రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్ చాలు. ఒక కుటుంబానికి ఒక పేజీ ఇవ్వండి. ఇంటావిడ పేరు పైన రాయండి, ఎందుకంటే ఇల్లు మంజూరయ్యేది ఆమె పేరు మీదే. కింద ఆధార్, రేషన్ కార్డు నంబర్లు, సర్కారు పథకాలకు పెట్టుకున్న ప్రజాపాలన దరఖాస్తు నంబర్, ఇంట్లో ఎంతమంది, పిల్లల వయసులు రాయాలి. కప్పు దేనిదో రాయాలి: స్లాబా, రేకులా, గూన పెంకులా, తాటాకా, ప్లాస్టిక్ కవరా. కింద నేల ఎవరి పేరున ఉంది, కాగితం ఏమైనా ఉందా, కిరాయి కడుతున్నారా, కడితే ఎంత అన్నది రాయాలి. కరెంటు మీటర్ ఎవరి పేరున ఉందో కూడా రాయండి, మీటర్ తమ పేరున లేకపోవడం వేరే ఇల్లు లేదనడానికి ఒక ఆనవాలు. ఎన్నేళ్ల నుంచి ఇలా ఉన్నారో చివర రాయండి. ఫొటో వాళ్లు పడుకునే చోటు తీయాలి. ముందున్న గడప ఫొటో వద్దు.

ఒక్క మాట. ఈ నోట్‌బుక్‌లో ఆధార్ నంబర్లు ఉంటాయి కాబట్టి ఎవరి చేతికీ ఇవ్వకండి. ఆఫీసులో ఇచ్చే కాగితంలో పేరు, దరఖాస్తు నంబర్ ఉంటే చాలు. 'నీ పేరు ఎక్కిస్తా, పది వేలు ఇవ్వు' అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. ఇంటింటికీ తిరిగేటప్పుడే దీనికి రూపాయి ఖర్చు లేదని గట్టిగా చెప్పండి.

మీ లెక్కను సర్కారు లిస్టుతో పోల్చడం

సర్వే అయ్యాక దరఖాస్తులను మూడు లిస్టులు చేశారు. సొంత జాగ ఉండి మంచి ఇల్లు లేనివాళ్లు ఎల్-1. జాగా లేదు, ఇల్లూ లేదు అన్నవాళ్లు ఎల్-2. పక్కా ఇల్లు ఉన్నవాళ్లు, మిగతావాళ్లు ఎల్-3. ఎవరు ఎందులో ఉన్నారో ఇందిరమ్మ ఇండ్ల వెబ్‌సైట్‌లో ఆధార్ నంబర్‌తోనో, రేషన్ కార్డు నంబర్‌తోనో చూసుకోవచ్చు. లిస్టు పంచాయతీ ఆఫీసులో కూడా అడగండి.

మా వాడలో జాగ లేని కుటుంబాలు నా నోట్‌బుక్‌లో 23 తేలాయి. సర్కారు ఎల్-2 లిస్టులో మా వాడ పేర్లు 9 ఉన్నాయి. మిగతా 14 ఎక్కడ పోయాయో ఒక్కొక్కటి పట్టుకుని చూశాను. ఎనిమిది ఎల్-3లో ఉన్నాయి, అన్నీ మా యారాలి కొడుకు లాంటివే, తండ్రి ఇంటి ఫొటో తీసినవి. నాలుగు కుటుంబాలు అసలు దరఖాస్తే పెట్టలేదు. 2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్న ఆ పది రోజులూ వాళ్లు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి ఉన్నారు. ఊళ్లో ఇల్లు లేదు కాబట్టే వాళ్లు పట్నం పోయారు. పట్నంలో ఉన్నారు కాబట్టి ఊళ్లో పేరు లేదు. మిగిలిన ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె భర్త చనిపోయి అన్న ఇంట్లో ఉంటోంది. ఇంకొకామెను భర్త వదిలేశాడు, అమ్మగారింటి అరుగు మీద వండుకుంటోంది. ఇద్దరి పేర్లూ ఇంకా ఎవరిదో ఒకరి రేషన్ కార్డులోనే ఉన్నాయి.

ఈ రేషన్ కార్డు విషయం దగ్గర కాస్త ఆగాలి, చాలామంది ఇక్కడే చిక్కుకుంటున్నారు. తెలంగాణలో చాలా ఏళ్లు కొత్త కార్డులు సరిగా ఇవ్వలేదు. ఆ కాలంలో పెళ్లయిన జంటలన్నీ తల్లిదండ్రుల కార్డులోనే ఉండిపోయాయి. కార్డు ఒకటే అయితే కుటుంబం ఒకటే, కుటుంబం ఒకటే అయితే ఇల్లు ఒకటే. 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ మొదలైంది. మీ నోట్‌బుక్‌లో వేరు పొయ్యి ఉండి ఒకే కార్డులో ఉన్నవాళ్లను గుర్తుపెట్టి, ముందు మీ సేవలో కార్డు వేరు చేయించండి. ఇంటి దరఖాస్తు సవరణ ఆ తర్వాతే. మేం ఈ వరుస తప్పాం. ముందు ఎల్-3 నుంచి మార్చమని అర్జీ పెడితే, కార్డు ఒకటే ఉంది కదా అని తిప్పి పంపారు. రెండు నెలలు అలా పోయాయి.

జాగ

అందరూ ఎల్-1 గురించే మాట్లాడతారు. నా పట్టుదల అంతా ఎల్-2 గురించి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలుపెట్టిన ఈ పథకంలో సొంత జాగ ఉంటే ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు ఇస్తారు. నియోజకవర్గానికి 3,500 ఇండ్లు, రాష్ట్రం మొత్తానికి నాలుగున్నర లక్షలు అన్నారు. ఇండ్ల కోసం వచ్చిన దరఖాస్తులు 80 లక్షలకు పైగా ఉన్నాయి. అందులో అనర్హులను ఎంత తీసేసినా మిగిలేది చాలా పెద్ద అంకె. జాగ ఉన్నవాళ్లకే ముందు ఇస్తున్నప్పుడు జాగ లేని కూలివాడి వంతు ఎప్పుడు వస్తుంది? అందరికంటే ఎక్కువ అవసరం ఉన్నవాడు చివర నిలబడ్డాడు. 'మాకూ ఇల్లు కావాలి' అని వందసార్లు అడిగినా ఆఫీసులో వచ్చే జవాబు ఒకటే: 'జాగ ఏదమ్మా?' ఆ ప్రశ్నకు మీ దగ్గర సర్వే నంబర్‌తో సహా జవాబు ఉండాలి.

ముందు ఎంత జాగ కావాలో తెలియాలి. ఈ లెక్క ఎవరైనా వేయవచ్చు. ఎకరం అంటే 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రోడ్లకు, మోరీలకు, నీళ్ల ట్యాంకుకు 40 శాతం పోతుందనుకోండి. దాదాపు 2,900 గజాలు మిగులుతాయి. 75 గజాల ప్లాట్లు వేస్తే 38 వస్తాయి, 100 గజాలవి వేస్తే 29 వస్తాయి. ఈ పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. 600 అడుగులంటే 67 గజాలు. 75 గజాల ప్లాట్‌లో ఆ ఇల్లు కడితే బట్టలారేసుకునే చోటు కూడా ఉండదు. పల్లెలో కోళ్లు, మేకపిల్ల, కట్టెలు ఉంటాయి. 100 గజాలు అడగండి.

ఇక వెతకడం. మొదట చూడాల్సింది పాత కాలనీ. దాదాపు ప్రతి ఊళ్లో సర్కారు ఎప్పుడో భూమి కొని పట్టాలిచ్చిన కాలనీ ఒకటి ఉంటుంది. మా ఊళ్లో 1990లలో ఇచ్చినది ఉంది. అందులో తొమ్మిది ప్లాట్లు నేటికీ తుమ్మచెట్లతో ఖాళీగా ఉన్నాయి. అప్పట్లో అక్కడికి నీళ్లు లేవు, బాట లేదు, అందుకని ఎవరూ పోలేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఆ పట్టాల పాత లిస్టు తెప్పించి చూస్తే మా 23 మందిలో ఇద్దరికి వాళ్ల తాత పేరున అక్కడ ప్లాటు ఉందని తెలిసింది. వాళ్లకే తెలియదు! కాగితం పెట్టెలో అడుగున పడి ఉంది. వారసులుగా పేరు మార్పించుకుంటే వాళ్లు ఎల్-1 కిందికి వస్తారు. అలా 21 మంది మిగిలారు. 21 మందికి తలా 100 గజాలు, రోడ్లతో కలిపి 3,500 గజాలు, అంటే 29 గుంటలు. 'ఊళ్లో పేదలకు భూమి ఇవ్వండి' అంటే ఎవరికీ పట్టదు. '29 గుంటలు కావాలి' అంటే తలెత్తి చూస్తారు.

తర్వాత ప్రభుత్వ భూమి. ఏ సర్వే నంబర్ సర్కారుదో తెలుసుకోవడానికి నాకు పనికొచ్చిన దారి నిషేధిత భూముల జాబితా. రిజిస్ట్రేషన్ చేయకూడదని రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద పెట్టిన ఆ జాబితాలో ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాలయ భూములు, వక్ఫ్ భూములు అన్నీ ఊరి వారీగా ఉంటాయి. 2025 ఏప్రిల్‌లో భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఆ పోర్టల్‌లో జిల్లా, మండలం, ఊరు ఎంచుకుని చూడండి. సర్కారు భూమి అని ఉన్న నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పాత పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) నకళ్లతో పోల్చండి. దేవాలయం, వక్ఫ్ భూముల జోలికి పోవద్దు, అవి వేరే చట్టాల కింద ఉంటాయి, ఏళ్లు గడిచిపోతాయి. అసైన్డ్ భూమి ఇంకో పేదవాడికి బతకడానికి ఇచ్చినది, అది లాగి ఇంకొకరికి ఇవ్వమని మనం అడగకూడదు.

కాగితం మీద దొరికిన ప్రతి నంబర్‌కూ కాలినడకన వెళ్లి చూడాలి. మాకు మొదట మూడెకరాల ముక్క కనిపించి చాలా సంతోషపడ్డాం. పోయి చూస్తే చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల. ఎండాకాలంలో చదునుగా, ముచ్చటగా ఉంటుంది. వర్షాకాలంలో మోకాలి లోతు నీళ్లు. శిఖం, వాగు ఒడ్డు, కాలువ గట్టు ఎవరు చూపించినా ఒప్పుకోవద్దు.

మా ఆడపడుచు గుంటూరు వైపు ఉంటుంది. 2020 డిసెంబర్‌లో ఆంధ్రలో ఒకేసారి లక్షల మందికి ఇంటి పట్టాలు ఇచ్చినప్పుడు ఆమెకూ సెంటున్నర వచ్చింది, 72 గజాలు. ఆ రోజు ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది సంతోషంతో. లేఅవుట్ ఊరికి మూడు కిలోమీటర్లు, పల్లంలో, నల్లరేగడిలో ఉంది. పునాది లోతుగా తీసి మట్టి నింపేసరికే వాళ్లు దాచుకున్నదంతా అయిపోయింది. యూనిట్‌కు సర్కారు పెట్టిన ఖర్చు 1 లక్షా 80 వేలు. ఇల్లు గోడల దగ్గర ఆగిపోయింది. ఒకేసారి 30 లక్షల మందికి పట్టాలు ఇవ్వడం మామూలు పని కాదు, ఆ సంకల్పాన్ని నేను గౌరవిస్తాను. కానీ జాగ ఎంచేటప్పుడు అక్కడ ఉండబోయేవాళ్లను తీసుకెళ్లి, వానాకాలంలో ఒక్కసారి చూపించి ఉంటే ఎన్నో కుటుంబాలకు ఆ కష్టం తప్పేది. ఇప్పుడు అక్కడ పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామంటున్నారు. విస్తీర్ణంతో పాటు నేల ఎలాంటిదో, ఊరికి ఎంత దూరమో కూడా అడగండి.

మాకు చివరికి దొరికింది బడి పక్కన ఎకరం పది గుంటలు. రికార్డులో సర్కారుది. అందులో ఇద్దరు రైతులు కల్లాలు వేసుకుంటున్నారు, గడ్డివాములు పెట్టుకుంటున్నారు. ఇక్కడే చాలా ఊళ్లలో పని చెడిపోతుంది. అర్జీ పెట్టేసి, ఆఫీసర్లను తీసుకొచ్చి కొలతలు వేయిస్తే ఆ ఇద్దరు రైతులు జీవితాంతం శత్రువులవుతారు, కోర్టుకు పోతారు. మేం ముందు వాళ్ల ఇంటికి పోయాం. వాడలో పెద్ద మనిషి ఒకాయన, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం. 'తాతా, మొత్తం అడగట్లేదు, 29 గుంటలే. మీ కల్లాలు ఈ మూలకు జరుపుకోండి, మేమే మనుషులను పెట్టి జరిపిస్తాం' అన్నాం. ఒకాయన వెంటనే ఒప్పుకున్నాడు. రెండో ఆయన దగ్గరికి నాలుగుసార్లు పోవాల్సి వచ్చింది. నాలుగోసారి ఆయన భార్యే లోపలి నుంచి వచ్చి, 'ఆ పిల్లలు వానకు తడుస్తున్నది నేను చూస్తనే ఉన్న, ఇయ్యరాదు' అంది. తర్వాత ఆయన మారు మాట్లాడలేదు.

కాగితాల పని

గ్రామసభ తీర్మానం లేకుండా ఏ ఫైలూ కదలదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ పెట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులు లేక ప్రత్యేక అధికారుల పాలన నడిచింది. ఆ కాలంలో సభ అంటే పది మంది సంతకాలతో ముగిసేది. ఇప్పుడు సర్పంచులు వచ్చారు కాబట్టి ఇది అడగడానికి మంచి సమయం. తీర్మానంలో నాలుగు విషయాలు ఉండాలి: జాగ లేని కుటుంబాలు ఎన్ని, పేర్ల లిస్టు, కావాల్సిన విస్తీర్ణం, సర్వే నంబర్. 'పేదలకు ఇండ్ల స్థలాలు ఇవ్వాలని కోరడమైనది' అని ఒక్క వాక్యం రాసి మూసేస్తే లాభం లేదు. ఆ రోజు నోట్‌బుక్‌లో పేరున్న ప్రతి ఆడమనిషీ సభలో కూర్చోవాలి. మేం 21 మందికి 19 మందిమి కూర్చున్నాం, సంఘం మీటింగ్ లాగే హాజరు పిలిచాం. తీర్మానం నకలు పంచాయతీ ముద్రతో అదే వారం తీసుకోండి. తర్వాత ఇస్తామంటే ఊరుకోవద్దు.

ఆ నకలు, లిస్టు, పడుకునే చోటు ఫొటోలు కలిపి ఒక సెట్ తహసీల్దార్‌కు, ఒకటి ఎంపీడీఓకు, ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు వస్తుంది, దాని నంబర్ నోట్‌బుక్ మొదటి పేజీలో రాయండి. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు కింద అడగండి. 'ఫలానా తేదీ అర్జీ మీద ఏం చర్య తీసుకున్నారు, ఫైల్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది' అని రెండు లైన్లు చాలు. రుసుము పంచాయతీలో అయితే లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాకు జవాబు రాకముందే సర్వేయర్ వచ్చాడు. సమాచార హక్కు దరఖాస్తు వల్లే వచ్చాడని నేను అనుకుంటున్నాను.

ఇల్లు మంజూరైన ఎల్-1 వాళ్లకు మా వాడ అనుభవం కొంచెం చెప్తాను. డబ్బు నాలుగు విడతలుగా వస్తుంది: బేస్‌మెంట్ అయ్యాక, గోడలయ్యాక, స్లాబ్ పడ్డాక, అంతా పూర్తయ్యాక. బేస్‌మెంట్ అయ్యాకే మొదటి లక్ష. అంటే ముగ్గు పోసిన రోజు నుంచి బేస్‌మెంట్ దాకా చేతి డబ్బే పెట్టాలి. చేతిలో పైసా లేని కుటుంబం అక్కడే ఆగిపోతుంది. మా గ్రామైక్య సంఘంలో అలాంటి నలుగురికి ముందుగా అప్పు ఇచ్చి, బిల్లు పడగానే కట్టించుకున్నాం. వడ్డీ వ్యాపారి దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. కొలతల దగ్గర జాగ్రత్త. ఎదురుగా ఉన్నాయన, మేస్త్రి మాట విని ముందు గది రెండడుగులు పెంచాడు, 600 దాటింది, బిల్లు ఆగింది. ముగ్గు పోసేటప్పుడే ఇంజినీరు (ఏఈ)తోనో, పంచాయతీ కార్యదర్శితోనో టేపు పట్టించి కొలిపించుకోండి.

పట్నంలో ఉన్నవాళ్లకు

హైదరాబాద్‌లో కిరాయికి ఉండే మా చెల్లి ఇదంతా విని, 'అక్కా, నాకు గుంటలు యాడివి?' అంది. నిజమే. పట్నంలో గజం జాగ దొరకదు. అక్కడ సర్కారే కట్టి ఇవ్వాలి, అదీ అంతస్తులుగా. అది కొత్త ఆలోచన కూడా కాదు. 1908లో మూసీ వరద వచ్చాక, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఇరుకు బస్తీల స్థానంలో పేదలకు ఇండ్లు కట్టించింది. వంద ఏళ్ల కింద చేయగలిగారు.

2015 నవంబర్‌లో సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో డబుల్ బెడ్‌రూం ఇండ్లు ఇచ్చారు. పాత ఇండ్లు తీసేసి అదే జాగలో కట్టి, అక్కడి కుటుంబాలకే ఇచ్చారు. వాళ్ల పని, బడి, దవాఖానా ఏవీ మారలేదు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 ఇండ్లు ఒకేచోట ప్రారంభించారు, 560 చదరపు అడుగులవి. అంత పెద్ద సంఖ్యలో కట్టవచ్చని అది చూపించింది. రెండింటిలో నన్నడిగితే ఉన్నచోటే కట్టడం మేలంటాను. ఇండ్లల్లో అంట్లు తోమే మనిషికి ఊరి చివర ఫ్లాట్ ఇస్తే పొద్దున అయిదింటికి పనికి ఎలా చేరుతుంది? మా చిన్నమ్మ బిడ్డకు శివారులో ఒక కాలనీలో ఫ్లాట్ వచ్చింది. ఆరు నెలలు తాళం వేసి, మళ్లీ తను ముందున్న బస్తీలోనే కిరాయికి ఉంది. బస్సు వేశాకే పోయింది.

కాబట్టి పట్నం బస్తీలో లెక్క తీసేవాళ్లు నోట్‌బుక్‌లో ఇంకో మూడు గళ్లు కలపండి: పనిచేసే చోటు ఎంత దూరం, నెలకు కిరాయి ఎంత, ఎన్నిసార్లు ఇల్లు ఖాళీ చేయించారు. బస్తీ సర్కారు భూమి మీద ఉంటే, ఎన్నేళ్ల నుంచి ఉన్నారో చూపే కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు దాచుకోండి. 2014 డిసెంబర్‌లో వచ్చిన జీవో 58 కింద 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించింది అలాంటి కాగితాలు చూసే. కట్టి ఖాళీగా ఉన్న ఇండ్లు మీ చుట్టుపక్కల ఉంటే బ్లాకుల వారీగా రాయండి, తాళం ఉన్నవి ఎన్ని, నీళ్లు రానివి ఎన్ని అని. కొత్తవి కట్టడానికి ఏళ్లు పడుతుంది. నీళ్ల కనెక్షన్, లిఫ్టు, ఒక బస్సు ఇస్తే నిండే ఇండ్లు ఈ నెలలోనే నిండుతాయి. అర్జీలో అదే ముందు అడగండి.

మా 29 గుంటలకు సర్వేయర్ గొలుసు వేసి, రాళ్లు పాతి పోయాడు. ఫైల్ ఇప్పుడు ఆర్డీఓ ఆఫీసులో ఉంది. ఎల్-3లో పడిన ఎనిమిది పేర్లలో ఆరు ఎల్-2కి మారాయి, మా యారాలి కొడుకుది కూడా. మిగతా ఇద్దరి కార్డులు ఇంకా వేరు కాలేదు. వచ్చే సోమవారం వాళ్లను తీసుకుని మళ్లీ ప్రజావాణికి పోతున్నాను. నోట్‌బుక్ మూసి పక్కన పెట్టే పని లేదు. మొన్నటి పెళ్లిళ్లయ్యాక మూడు కొత్త పేజీలు రాశాను. మా వాడలో ఇప్పుడు పొయ్యిలు 94.